మూడు మాటల శీర్షిక

కొండయ్య పేపరుని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో తెచ్చుకున్నాడు. మధ్యాహ్నం అన్నాల గంట కొట్టాక స్కూలు వరండాలో నిలబడి, మడత విప్పకుండానే మాస్టారికి చూపించాడు. వార్త మడత పైనే ఉంది. వేలెడు పొడవు కూడా లేదు.

"మాస్టారండీ, ఇది ఎవరూ చూళ్ళేదండి," అన్నాడు.

జగన్మోహనరావు మాస్టారు అప్పుడే క్యారేజీ మూత తీశారు. మళ్ళీ పెట్టేశారు.

"చూడకపోవడమేమిటి కొండయ్య గారూ? తొమ్మిదో పేజీలో వచ్చింది కదా."

"వచ్చిందండి. మా యీదిలో పేపరేయించుకునే ఇళ్ళు నాలుగున్నాయండి. నాలుగిళ్ళకీ ఎల్లి అడిగేను. ఒకాయన ఏ పేపర్లో అన్నాడండి. ఒకాయన సినిమా పేజీ చూసి పడేసేనన్నాడు. మా ఎదురింటావిడైతే దాంట్లో అప్పడాలు ఎండేసిందండి."

అతని వెనుక, వరండా మెట్ల మీద, భార్య అప్పాయమ్మ కూర్చుని ఉంది. కొబ్బరికాయలు ఒలిచే మనిషి కొండయ్య. ముప్పై ఏళ్ళుగా గునపం మీద కాయలు తిప్పి తిప్పి అతని అరచేతులు పీచులా తయారయ్యాయి. అప్పాయమ్మ ఆ కాయల పీచు తడిపి తాడు పేనేది. పది రోజులుగా ఇద్దరూ పనికి వెళ్ళడం లేదు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు సత్యవాణి మస్కట్‌లో ఒకరింట్లో పనికి ఉంటూ, ఓ రాత్రి పడుకుని తెల్లారి లేవలేదు. శవం అక్కడే ఉంది. పంపించిన ఏజెంటుని అడిగితే, పేపర్లు అవుతున్నాయి, వచ్చేస్తుంది అంటున్నాడు. ఆ మాట అతను మొదటి రోజూ అన్నాడు, నిన్నా అన్నాడు.

పేపర్లో పడిన వార్త మాస్టారు రాసిందే. "గల్ఫ్‌లో రాజోలు మహిళ మృతి" అని శీర్షిక. కింద నాలుగు పంక్తులు: ఉపాధి కోసం వెళ్ళిన సత్యవాణి (34) నిద్రలో గుండె ఆగి మరణించినట్టు కుటుంబ సభ్యులకు సమాచారం అందిందనీ, మృతదేహం స్వగ్రామానికి రావలసి ఉందనీ. తెలిసింది అంతే కనుక ఆయన రాసిందీ అంతే.

మాస్టారు ఎయిడెడ్ హైస్కూల్లో ముప్పై ఒక్క ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యారు. ఇప్పుడు రాజోలు దగ్గర ప్రైవేటు స్కూల్లో పదో తరగతికి చెబుతున్నారు. ఎయిడెడ్ వదిలాక, పోయిన విలేకరి స్థానంలో ఊరి వార్తలు పంపడం మొదలుపెట్టి ఎనిమిదేళ్ళయింది. కాలువకి నీళ్ళు వదిలిన రోజు, కొబ్బరి ధర పడిన రోజు, ఎవరైనా పోయిన రోజు ఆయన పంపినవి పడేవి. గాలివాన వచ్చి చెట్లు పడితే మిగతా పేపర్లు వందలు అనేవి. ఈయన తిరిగి లెక్కపెట్టి ముప్పై ఏడు అని రాసేవారు. మాస్టారు రాస్తే అది జరిగినట్టే అని ఊళ్ళో అనుకునేవారు. ఆ పేరు ఆయనకి కొంచెం ఇష్టం కూడా.

పదో తరగతి పరీక్షలో ఒక ప్రశ్న వస్తుంది: పై పేరాకు తగిన శీర్షిక పెట్టండి. ఏటా పిల్లలకి ఆయన ఒకటే చెబుతారు. "పేరాలో లేని మాట శీర్షికలో ఉండకూడదు. ఇంట్లో లేని మనిషి పేరు గుమ్మం మీద రాస్తామా?"

"పెద్దగా రాయండి మాస్టారండీ," అన్నాడు కొండయ్య. "కలెక్టరు గారు చూసేటట్టు. ఎవరో ఒకరు చూస్తే పిల్ల వస్తాదండి. శవప్పెట్టి వచ్చేదాకా మాకు మైల తీరదు. మా తమ్ముడి కొడుకు పెళ్ళి ఆగిపోయింది. దినం చెయ్యడానికి లేదు, పొయ్యి ఎలిగించడానికి లేదు. వంతులేసుకుని అందరూ అన్నం తెచ్చి పెడతన్నారండి. ఎన్నాళ్ళు తెత్తారు?"

"ఉన్నదే కదా రాయాలి కొండయ్య గారూ."

అప్పుడు అప్పాయమ్మ మొదటిసారి తల ఎత్తింది.

"కామేశ్వరమ్మగారు పోయినప్పుడు కూడా ఇంతే రాసేరాండి?"

మాస్టారు క్యారేజీ పక్కకి జరిపారు. "ఇంతే రాసేనమ్మా."

"ఎవురైనా చూసేరాండి?"

అడగడంలో దెప్పిపొడుపు లేదు. తెలుసుకుందామనే అడిగింది. జవాబు మాస్టారికి తెలుసు. భార్య పోయి పద్నాలుగు నెలలు. ఆ రోజు కూడా "విశ్రాంత ఉపాధ్యాయుని భార్య మృతి" అని మూడు పంక్తులు ఆయనే రాసి పంపారు. పదిహేను రోజుల తరువాత రామచంద్రపురం నుంచి ఆమె పినతండ్రి కూతురు ఫోన్ చేసింది. ఆవిడ రోజూ ఆ పేపరే తెప్పించుకుంటుంది. "బావగారూ, అక్క ఎలా ఉందండీ? మోకాళ్ళ నొప్పులు తగ్గేయా?" అని అడిగింది.

"సరేనమ్మా," అన్నారు మాస్టారు. "రాస్తాను."

సాయంత్రం ఇంటికి వచ్చి జిల్లా పేజీలు చూసే గంగాధర్‌కి ఫోన్ చేశారు. అతను ఆయన దగ్గర చదువుకున్నవాడే. అమలాపురం ఆఫీసులో కూర్చుని విలేకరులు పంపినవాటికి శీర్షికలు పెడతాడు.

"కడసారి చూపు కోసం ఎదురుచూపు అని పెడితే ఎలా ఉంటుంది గంగాధర్?"

"మాస్టారండీ, మీరేమీ అనుకోకండి. నిన్న కరెంటు కోసం ఎదురుచూపు, మొన్న పింఛను కోసం ఎదురుచూపు. రేపు గోదావరి లంకలో పడవ కోసం ఎదురుచూపు ఉంది, పేజీ కూడా కట్టేసేను. కోనసీమంతా ఎదురు చూస్తానే ఉందండి. ఎవరూ ఆగి చదవరు."

"మరి మృతి అంటే?"

"నిన్న మన పేజీలో మృతులు ఏడుగురండి. ఆ మాట కన్ను ఆగడానికి పనికిరాదు. బలి అంటే ఆగుతారు. కాటేసింది అంటే ఆగుతారు. నరకం అంటే బస్సు ఎక్కబోయేవాడు కూడా ఒక కాలు కిందే ఉంచి చదువుతాడండి. మొదటి పేజీ ఇమ్మని నేను అడుగుతాను. నలభై ఎనిమిది పాయింట్ల అక్షరం ఇస్తారు. మూడు మాటలే పడతాయి. ఆ మూడూ గట్టిగా ఉండాలి." అతను గొంతు తగ్గించాడు. "అక్కడ ఆవిడని బాగానే చూసుకునేవారాండీ?"

"నెల కిందట ఫోన్లో తల్లితో అన్నదట. నిద్ర సరిపోవడం లేదు, యజమాని అన్నగారి ఇంట్లోనూ తమ్ముడి ఇంట్లోనూ కూడా తనచేతే చేయిస్తున్నారు అని."

"అది హింస కాదాండీ?"

"హింసే."

"మరింకేటండీ! మాట మీరే పెట్టి పంపండి మాస్టారూ. నేను పెడితే డెస్కు మాట అంటారు. మీరు పెడితే నమ్ముతారు."

ఫోన్ పెట్టేసి మాస్టారు భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు. తెల్లకాగితం మీద మాటలు ఒకదాని కింద ఒకటి రాశారు. బలి. కాటు. కబళించిన. ఆక్రందన. నరకం. చిత్రహింసలు. పిల్లల జవాబు పత్రాల్లో ఇలాంటివి కనిపిస్తే ఆయన ఎర్ర సిరాతో సున్నా చుట్టేవారు. ఇప్పుడు ఒక్కొక్కటీ పైకి చదివి చూసుకున్నారు. "నరకం" దగ్గర ఆగి, అది ఆమె కష్టం గురించి ఏమీ చెప్పదని వదిలేశారు. "కబళించిన" దగ్గర, కబళించింది ఎవరో చెప్పాలి కదా అనుకున్నారు. "చిత్రహింసలు" చదివినప్పుడు అప్పాయమ్మ అడిగిన ప్రశ్న వినిపించింది. ఎవురైనా చూసేరాండి?

"చిత్రహింసలకు సత్యవాణి బలి" అని రాశారు. మూడు మాటలు. పట్టాయి.

బతికున్నన్నాళ్ళూ ఆయన రాసిన ప్రతి వార్తా మొదట కామేశ్వరమ్మ చదివేది. ఆవిడ పెద్దగా చదువుకోలేదు. కాగితం తీసుకుని, కళ్ళజోడు పైకి తోసుకుని, అక్కరలేదనిపించిన మాట కింద బొటనవేలి గోరు నొక్కేది. చిన్న గీత పడేది. "ఇది తీసేయండి, బాగుంటుంది," అనేది. ఎందుకో చెప్పేది కాదు. తీసేస్తే నిజంగానే బాగుండేది. ఆ రోజు ఆయన అలవాటుకొద్దీ కాగితాన్ని బల్లకి అవతలి వైపు, ఆవిడ కూర్చునే కుర్చీ ముందుకి జరిపారు. లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చారు. కాగితం మీద గీత ఏమీ లేదు. ఫోటో తీసి గంగాధర్‌కి వాట్సాప్‌లో పంపేశారు.

బుధవారం పేపరు చూడనివాళ్ళు లేరు.

తొమ్మిది గంటలకి రాజోలు సెంటర్లో టీ దుకాణం దగ్గర నలుగురు ఒక పేపరు మీద వంగి చదువుతున్నారు. పదకొండుకి యూట్యూబ్ చానెళ్ళవాళ్ళు ఇద్దరు మైకులతో కొండయ్య ఇంటికి వచ్చారు. సాయంత్రం సెంటర్లో కొవ్వొత్తులు వెలిగించారు. ఆ మర్నాటికి ఫ్లెక్సీ కట్టారు. సత్యవాణి పాస్‌పోర్టు ఫోటో మనిషంత పెద్దది చేసి, దాని మీద మాస్టారి మూడు మాటలూ ఎర్ర అక్షరాల్లో వేశారు. కింద కట్టించినవాళ్ళ ఫోటోలు పదకొండు. హైదరాబాదులో ఉండే ఎవరో పెద్దమనిషి ఆ వార్తని ఇంగ్లీషులోకి మార్చి అక్కడి ఎంబసీకీ, అక్కడి పోలీసులకీ కనిపించేలా నెట్‌లో పెట్టాడనీ, దాన్ని లక్షమంది చూశారనీ గంగాధర్ సంతోషంగా ఫోన్ చేసి చెప్పాడు. ఏజెంటు దుకాణానికి తాళం వేసి ఎటో వెళ్ళిపోయాడు.

రామచంద్రపురం నుంచి ఫోన్ వచ్చింది. "బావగారూ, మీరు రాసింది చదివేనండీ. తిండి సయించలేదు," అంది మరదలు.

అప్పాయమ్మకి చదువు రాదు. కొండయ్య చేత ఆ శీర్షిక మళ్ళీ మళ్ళీ చదివించుకుంది. రెండో రోజుకి ఏ మాట ఎక్కడ ఉందో ఆమెకి తెలిసిపోయింది. మధ్య మాట మీద వేలు పెట్టి "ఇది నా పిల్ల," అనేది. ముందు మాట మీద వేలు పెట్టి ఏమీ అనేది కాదు. జిరాక్సు దుకాణంవాడు పేపరుకి లామినేషన్ చేసి ఇచ్చాడు.

శనివారం పొద్దున్నే కొండయ్య తన ఫోన్ పట్టుకుని మాస్టారి ఇంటికి వచ్చాడు. మస్కట్‌లో అదే ఇంట్లో కారు తోలే ఏసుదాసు గొంతు రికార్డు చేసి పంపాడట. మలికిపురం వైపు కుర్రాడు. సత్యవాణి పోయిన సంగతి మొదట చెప్పిందీ అతనే.

"ఏటో సెప్తన్నాడండి. నాకు సరిగా అర్థం కాలేదు. మీరినండి," అన్నాడు కొండయ్య.

మాస్టారు విన్నారు.

"బాబాయ్, నేను ఏసుదాసునండి. అక్కని ఈ రోజు ఇమానం ఎక్కించాలండి. కాయితాలన్నీ అయిపోయేయి. పెట్టి కూడా కట్టేసేరు, నేనే దగ్గరుండి చూసేను. నిన్న పోలీసులొచ్చి ఆపేసేరండి. ఇండియా పేపర్లో కొట్టి సంపేరని పడిందంట. ఇప్పుడు కేసు పెట్టేరు. మళ్ళీ పరీక్షలు సేత్తారంట. నన్ను రెండు మాట్లు తీసుకెళ్ళి అడిగేరు. నా పాసుపోర్టు కూడా అట్టేపెట్టుకున్నారండి. పని ఎక్కువే బాబాయ్, నేను కాదన్ను. కానీ కొట్టలేదండి. ఆవిడకి బాగోలేదంటే సేటు పెళ్ళామే మందులిచ్చింది. ఎవురు రాసేరో గానండి, ఆ రాసినోళ్ళు ఒక్కసారి అడిగితే నేను సెప్పేవోణ్ణి కదండీ."

మాస్టారు రెండోసారి పెట్టి విన్నారు. అతని నంబరు కొండయ్య ఫోన్లో మొదటినుంచీ ఉంది. ఎనిమిదేళ్ళలో పడిన చెట్లని కూడా లెక్కపెట్టి రాసినవారు, ఆ ఒక్క ఫోనూ చేయలేదు.

"ఏటంటన్నాడండీ? ఇమానం ఎక్కించేరా?" అన్నాడు కొండయ్య.

"ఎక్కించలేదు కొండయ్య గారూ. ఆపేరు."

"ఎందుకండీ?"

"నేను రాసిన మాట వల్ల."

కొండయ్య ఆయన మొహంలోకి చూశాడు. తరువాత ఫోన్ వైపు చూశాడు. "మీరు మంచికే కదండీ రాసేరు," అన్నాడు. అతనికి పూర్తిగా అర్థం కాలేదని మాస్టారికి తెలిసింది. మళ్ళీ చెప్పారు. ఈసారి కొండయ్యకి అర్థమైంది. ఫోన్ జేబులో పెట్టుకుని, చెప్పులు వేసుకోవడం మరచిపోయి, గుమ్మం దిగి కొంతదూరం వెళ్ళి, మళ్ళీ వచ్చి వేసుకుని వెళ్ళాడు.

మాస్టారు ఆ రోజే సవరణ రాసి పంపారు. అందులో ఒక్క విశేషణం లేదు. చిత్రహింసలు జరిగినట్టు ఆధారం లేదనీ, ఆ మాట రాసింది తానేననీ, పొరపాటుకు చింతిస్తున్నాననీ.

"వేస్తానండి," అన్నాడు గంగాధర్. అతని గొంతులో ఎప్పుడూ ఉండే హుషారు లేదు. "మూడో పేజీ అడుగున వస్తుంది. అంతకంటే పైన ఇవ్వమని అడిగేను మాస్టారండీ, ఒప్పుకోలేదు. మాట వెనక్కి తీసుకోడానికి నలభై ఎనిమిది పాయింట్లు ఎవరూ ఇవ్వరండి."

సోమవారం పడింది. టెండరు ప్రకటన పక్కన, వేలెడు కంటే తక్కువ. మాస్టారు టీ దుకాణం దగ్గర చాలాసేపు నిలబడ్డారు. నలుగురు ఆ పేపరు తిరగేశారు. ఒకతను ఆయన్ని చూసి లేచి కుర్చీ ఇచ్చాడు. "మీరు రాయబట్టేనండి ఆ పిల్ల సంగతి లోకానికి తెలిసింది," అన్నాడు. యూట్యూబ్‌వాళ్ళకి ఫోన్ చేస్తే, సవరణలు తాము పెట్టమనీ, వీడియో బాగా వెళ్తోందనీ చెప్పారు.

ఆ తరువాత మూడు వారాలు ఆయన బస్సుల మీద తిరిగారు. అమలాపురం ఆఫీసుల్లో కూర్చున్నారు. చివరికి ఒక గుమాస్తా జాలిపడి ఒక దారి చెప్పాడు. పాస్‌పోర్టులో దగ్గరి మనిషిగా తల్లి పేరు ఉంది. తమకు ఎవరి మీదా అనుమానం లేదని, పరీక్షలు అక్కరలేదని, శవాన్ని పంపమని ఆ తల్లి సంతకం చేసి ఇస్తే, దాన్ని అక్కడికి పంపవచ్చు. ఖాయమని కాదు. అది తప్ప వేరే దారి మాత్రం లేదు.

మాస్టారు ఆ ఉత్తరం తెలుగులో రాసి, కింద ఇంగ్లీషులో రాయించారు. ఆరు వాక్యాలు. ఆదివారం పొద్దున్న వాన వెలిసిన తరువాత కొండయ్య ఇంటికి తీసుకువెళ్ళారు.

చావడిలో అప్పాయమ్మ చాప మీద కూర్చుని ఉంది. లామినేషన్ చేసిన పేపరు గోడకి, కూతురి ఫోటో పక్కన, మేకుకి వేలాడుతోంది. గడప దగ్గర మూత పెట్టిన గిన్నె ఒకటే ఉంది. మొదట్లో నాలుగైదు గిన్నెలు ఉండేవి.

మాస్టారు ఉత్తరం మొత్తం చదివి వినిపించారు. "మా కుమార్తె మరణం విషయంలో మాకు ఎవరి మీదా ఎటువంటి అనుమానమూ లేదు" అన్న చోట అప్పాయమ్మ చెయ్యి ఎత్తింది.

"అదేటండీ?"

"అలా రాసిస్తేనే పంపుతారమ్మా. మీ వేలిముద్ర కావాలి."

"అనుమానం లేదని నేనెలా ఏత్తానండి?"

"ఏసుదాసు చెప్పాడు కదమ్మా. కొట్టలేదని."

"ఆడు ఆళ్ళ ఇంట్లో ఉన్నాడు కదండీ. ఆళ్ళ అన్నం తింటన్నాడు. ఆడేం సెప్తాడు?" ఆమె గొంతు పెంచలేదు. "నా పిల్లని సిత్రహింసలు పెట్టి సంపేరు."

"అమ్మా, ఆ మాట నేను పెట్టేను. తెలుసుకోకుండా పెట్టేను. అందరూ చదవాలని పెట్టేను. అది నిజం కాదు."

అప్పాయమ్మ గోడ మీది పేపరు వైపు చూసింది. తరువాత ఆయన వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. మాస్టారికి అదే భరించలేనిదిగా తోచింది.

"మీరు తెలీకుండా రాత్తారాండీ? పడిపోయిన కొబ్బరి సెట్లు కూడా లెక్కెట్టి రాసినోరు. మిమ్మల్ని ఎవురో బెదిరించేరండి. నాకు తెల్సు. అందుకే ఇలా అంటన్నారు. మీ తప్పు కాదు లెండి."

"ఎవరూ బెదిరించలేదమ్మా."

"మీ తప్పు కాదండి," అని మళ్ళీ అంది.

కొండయ్య గోడకి ఆనుకుని నిలబడ్డాడు. "ఏసెయ్యే," అన్నాడు మెల్లగా. "ముందు పిల్ల రానీ. అనుమానం సంగతి తర్వాత."

"నా సేత్తో నేను ఏలి ముద్రేసి, ఆళ్ళ తప్పు లేదని సెప్పి తెచ్చుకోమంటావా? అది వచ్చి పెట్టిలోంచి నన్ను అడిగితే ఏం సెప్పమంటావు?"

మాస్టారు ఇంకుప్యాడు తెచ్చారు, సంచిలోంచి తీయలేదు. ఇంకా ఏదైనా మాట ఉంటుందేమోనని వెతికారు. ఆమె నమ్మేటంత గట్టి మాట, ఆ మూడింటినీ చెరిపేసే మాట. ఆయన జీవితమంతా మాటలతో గడిచింది. ఒక్కటీ రాలేదు. ఉత్తరాన్ని మడిచి, ఫోటో కింద ఉన్న పీట మీద పెట్టారు. "మనసు మారితే కబురు చేయండమ్మా," అన్నారు.

"ఆయ్," అంది అప్పాయమ్మ, మర్యాదకి.

కొండయ్య వీధి చివరిదాకా సాగనంపడానికి వచ్చాడు. కాలువ నిండా గుర్రపుడెక్క పట్టి ఉంది. వంతెన దగ్గర అతను ఆగాడు.

"మాస్టారండీ, ఒకటడగనాండి? మీ వాళ్ళల్లో, మనిషి లేకపోతే దర్భలతో బొమ్మ చేసి కాలుస్తారంటండి కదా. అలా చేసి దినం సేయించేయొచ్చాండి? మైల తీరిపోద్ది. తమ్ముడోళ్ళు అడుగుతున్నారు."

మాస్టారి నాన్నగారు వేదం చెప్పినవారు. ఆ తంతు ఆయన చిన్నప్పుడు ఒకసారి చూశారు. వరదలో కొట్టుకుపోయినవాడికి చేశారు.

"ఉందండి, కొండయ్య గారూ. కానీ అది శవం దొరకనివాళ్ళకి చేస్తారు."

"ఆయ్," అన్నాడు కొండయ్య. కాలువలోకి చూస్తూ ఉన్నాడు. "మా పిల్ల దొరికింది కదండీ."

"దొరికింది."

"ఆయ్. దొరికిందండి," అని, తలగుడ్డ సవరించుకుని, ఇంటివైపు తిరిగాడు.